1983 మీద క్విజ్: ఏ ప్రశ్న నిలబడుతుంది, ఏది తిరగబడుతుంది

1983వ సంవత్సరపు ముఖ్యవార్తల మీద, ఆ ఏడాది వార్తల్లో నిలిచిన వ్యక్తుల మీద ఒక క్విజ్ పెట్టదలచుకున్నారని, ప్రశ్నలైతే కూర్చుకున్నారు గాని వాటిలో కొన్ని మరీ చప్పగా ఉన్నాయని, మరికొన్నింటికి రెండేసి జవాబులు వస్తున్నాయని మీరు రాశారు. నమూనాగా ఇచ్చిన వాటిలో ‘ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎవరు’, ‘ఫాల్కే పురస్కారం ఎవరికి వచ్చింది’, ‘భౌతికశాస్త్రంలో నోబెల్ ఎవరికి దక్కింది’, ‘అంతరిక్షంలోకి వెళ్లిన మహిళ ఎవరు’, ‘క్రికెట్ ప్రపంచ కప్ ఎవరు గెలిచారు’ అన్న అయిదు ప్రశ్నలు ఉన్నాయి. వీటిలో ఉన్నదున్నట్టు వేదిక మీద అడగదగినది చివరిది ఒక్కటే, అది కూడా ఎవరినీ క్షణమైనా ఆలోచింపజేయదు. ఇరవై ఏళ్లకు పైగా క్విజ్‌లు నడుపుతూ, నా ప్రశ్నలను నేనే వెనక్కి తీసుకోవలసి వచ్చిన సందర్భాలు చాలినన్ని చూసినవాడిని గనుక, ఈ అయిదింటినీ ఒక్కొక్కటిగా విప్పి చూపిస్తాను. ప్రశ్న రాసిన ప్రతిసారీ నేను వేసుకునే పరీక్ష ఒక్కటే: నా కార్డు మీద లేని రెండో జవాబును ఎవరైనా న్యాయంగా నిలబెట్టగలరా?

ముఖ్యమంత్రి ప్రశ్నతో మొదలుపెడదాం. ఎన్.టి.రామారావు 1982 మార్చి 29న పార్టీని ప్రకటించి, 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాలున్న శాసనసభలో రెండు వందలకు పైగా గెలిచి, జనవరి 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేశారు కనుక మీ కార్డు మీద ఆయన పేరే ఉండి ఉంటుంది. అయితే ఆ సంవత్సరం మొదటి వారమంతా ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది కోట్ల విజయభాస్కరరెడ్డి. బజర్ నొక్కిన జట్టు ఆయన పేరు చెబితే మీరు తప్పు అనలేరు. ఇదే విషయాన్ని మరో వైపు నుంచి అడిగితే ప్రశ్న గట్టిపడటమే కాదు, రుచి కూడా వస్తుంది: ‘ఆంధ్రప్రదేశ్‌లో తొలి కాంగ్రెసేతర ముఖ్యమంత్రి 1983 జనవరి 9న ప్రమాణం చేయగా, సరిగ్గా ఆ మరునాడే పొరుగు రాష్ట్రంలోనూ తొలి కాంగ్రెసేతర ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు, ఆయన ఎవరు?’ జవాబు కర్ణాటకకు చెందిన రామకృష్ణ హెగ్డే. పొరుగు రాష్ట్రాన్ని, రోజును, విశేషాన్ని మూడింటినీ బిగించాం కాబట్టి ఇక్కడ రెండో పేరుకు చోటు లేదు. గెలిచిన స్థానాలు సరిగ్గా ఎన్ని అని మాత్రం అడగకండి. మేనకా గాంధీ పార్టీ సంజయ్ విచార్ మంచ్‌తో పొత్తు ఉంది కనుక దానిని కలుపుకొన్నవారి లెక్క ఒకటి, కలుపుకోనివారి లెక్క మరొకటి అవుతుంది.

రెండో ప్రశ్న విషయంలో నేనే పప్పులో కాలేశాను. చాలా ఏళ్ల కిందట ఒక పోటీ చివరి రౌండులో ‘1983లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఎవరిది?’ అని అడిగాను. నా చేతిలోని కార్డు మీద దుర్గా ఖోటే అని ఉంది. ఒక జట్టు ఎల్.వి.ప్రసాద్ అంది, నేను తప్పన్నాను, మరో జట్టు దుర్గా ఖోటే అని పది మార్కులు పట్టుకుపోయింది. మొదటి జట్టులోని అమ్మాయి కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, గొంతు పెంచకుండానే, “ఆ ఏడు అందుకున్నది ఎవరని అడుగుతున్నారా, ఆ ఏటికి గాను ఎవరికని అడుగుతున్నారా?” అంది. నా దగ్గర సమాధానం లేదు. ఈ పురస్కారం ఏ సంవత్సరానిదో దాని ప్రకటన, ప్రదానం ఆ సంవత్సరం గడిచాకే జరగడం పరిపాటి. 1982వ సంవత్సరానికి గాను ఎల్.వి.ప్రసాద్, 1983వ సంవత్సరానికి గాను దుర్గా ఖోటే. చివరికి ఇద్దరికీ చెరి సగం మార్కులు ఇచ్చాను, ఇద్దరూ నన్ను తిట్టుకుంటూనే వెళ్లారు. ఆ తరువాత నా ప్రశ్నల్లో ‘లో’ అన్న ఒక్క అక్షరాన్ని నేను ఎన్నడూ నమ్మలేదు. జరిగిన సంవత్సరం, లెక్కకు వచ్చే సంవత్సరం, చేతికి అందిన సంవత్సరం అని మూడు ఉంటాయి, అందులో ఏది అడుగుతున్నామో ప్రశ్నలోనే తేలిపోవాలి.

ఇలాంటి గుంటలు 1983లో చాలా ఉన్నాయి. ఏప్రిల్ 11న జరిగిన ఆస్కార్ వేడుకలో ‘గాంధీ’ చిత్రం ఎనిమిది బహుమతులు గెలిచింది గాని, ఆ చిత్రం విడుదలైంది 1982లో. ‘సాగర సంగమం’ పాటలకు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం ఉత్తమ గాయకుడిగా, ఇళయరాజా ఉత్తమ సంగీత దర్శకుడిగా తెచ్చుకున్న జాతీయ పురస్కారాలు 1983వ సంవత్సరానివే, అయినా వాటిని ‘1983లో అందుకున్నారు’ అని రాస్తే ఇందాకటి గొడవే మళ్లీ మొదలవుతుంది. ఆ ఏడాది భారతరత్న పొందిన వినోబా భావే 1982 నవంబరులోనే కన్నుమూశారు. టైమ్ పత్రిక సంగతి మరీ తిరకాసు. కంప్యూటరును మనిషి స్థానంలో కూర్చోబెట్టి వెలువరించిన ప్రసిద్ధ సంచిక మీద తేదీ 1983 జనవరి 3, కాని ఆ గౌరవం 1982కు చెందింది. 1983కు గాను ఎంపికైన రొనాల్డ్ రీగన్, యూరి ఆంద్రోపోవ్‌ల ముఖచిత్రం 1984 జనవరి 2 సంచికలో వచ్చింది. ఈ తిరకాసును గుంటగా వదిలేయకుండా ప్రశ్నగానే మార్చుకోవచ్చు: ‘1983 జనవరి మొదటి వారపు టైమ్ ముఖచిత్రం మీద, గడిచిన ఏడాది ఘనతకు ఎంపికై నిలిచినది మనిషి కాదు, మరేమిటి?’ వినేవారికి ఇందులో చిక్కు లేదు, కాని ఆలోచించవలసిన పని మిగిలింది.

ఇక నోబెల్. ‘1983లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఎవరికి?’ అన్న ప్రశ్నకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అని మీరు రాసుకున్నారు. ఆ బహుమతిని ఆయన విలియం ఫౌలర్‌తో పంచుకున్నారు కనుక ఫౌలర్ అన్న జట్టుకూ మార్కులివ్వాలి. సరే, ‘నోబెల్ పొందిన భారతీయుడు ఎవరు?’ అని మారుద్దామంటే, ఆయన 1953 నుంచి అమెరికా పౌరుడు, పౌరసత్వాన్ని పట్టుకుని ఒకరు, పుట్టుకను పట్టుకుని మరొకరు వాదిస్తారు. వ్యక్తిని జాతీయతతో కాక జీవితంతో గుర్తుపట్టేలా చేయడమే దీనికి మందు. చంద్రశేఖర్ 1910 అక్టోబరు 19న లాహోరులో పుట్టారు. నోబెల్ ప్రకటన వెలువడింది 1983 అక్టోబరు 19న, అంటే సరిగ్గా డెబ్బై మూడో పుట్టినరోజునాడు. 1930లో అదే భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న సి.వి.రామన్ ఆయనకు స్వయానా చిన్నాన్న. పై చదువుకు ఇంగ్లండు వెళ్తూ ఓడలో ఆయన నక్షత్రాల బరువు మీద లెక్కలు కట్టింది కూడా ఆ 1930లోనే, ఇంధనం అయిపోయి తెల్ల మరుగుజ్జుగా మారిన నక్షత్రానికి ఉండగల గరిష్ఠ ద్రవ్యరాశిగా, అంటే సూర్యుడి ద్రవ్యరాశికి దాదాపు 1.4 రెట్లుగా నేడు చెప్పుకునే చంద్రశేఖర్ అవధికి మూలం ఆ లెక్కలే. చిన్నాన్నకు నోబెల్ వచ్చిన ఏడాది అబ్బాయి ఓడలో చేసిన లెక్కకు యాభై మూడేళ్ల తరువాత గుర్తింపు వచ్చిందన్న వరస నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది, అందుకే దీనిని ఒక పట్టాన వదలను.

ఇప్పుడు ప్రశ్న ఇలా రాయండి: ‘పంతొమ్మిదేళ్ల వయసులో ఓడ ప్రయాణంలో చేసిన లెక్కలతో ఖగోళ భౌతికశాస్త్రంలో అడుగుపెట్టిన ఈయనకు, తన డెబ్బై మూడో పుట్టినరోజునాడు, అర్ధశతాబ్దం కిందట చిన్నాన్న అందుకున్న బహుమతే ప్రకటితమైంది, ఎవరు?’ ఇందులో మూడు ఆధారాలు ఉన్నాయి, మూడు వేర్వేరు చోట్ల నుంచి జవాబుకు దారి తీస్తాయి. సైన్సు చదివినవారు ఓడ దగ్గర పట్టుకుంటారు, వార్తలు చదివేవారు చిన్నాన్న దగ్గర పట్టుకుంటారు. ఏదీ తెలియనివారు కూడా ఆధారాలను కలిపి ఊహించవచ్చు. ఒకటే ఆధారం ఉన్న ప్రశ్నలో తెలిసినవారు చెబుతారు, తెలియనివారు మౌనంగా ఉంటారు, ఆట అక్కడే అయిపోతుంది.

అంతరిక్షంలోకి వెళ్లిన మహిళ అన్న ప్రశ్నలో లోపం వేరు. 1983 జూన్ 18న ఛాలెంజర్ నౌకలో వెళ్లిన శాలీ రైడ్ అమెరికా నుంచి తొలి మహిళ, ప్రపంచంలో మూడవది. ఆమెకు ఇరవై ఏళ్ల ముందే, 1963 జూన్‌లో, వాలెంటీనా తెరిష్కోవా, 1982లో స్వెత్లానా సవిత్స్‌కయా వెళ్లారు, ఇద్దరూ సోవియట్ యూనియన్‌వారు. ‘తొలి’ అన్న మాట రాసినప్పుడల్లా దేనిలో తొలి, ఎక్కడి నుంచి తొలి అన్న రెండింటినీ పక్కనే రాయడం అలవాటు చేసుకోవాలి. ‘గాంధీ’ చిత్రానికి దుస్తుల రూపకల్పన చేసిన భాను అథయ్యా ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలే కాదు, ఆ బహుమతి గెలిచిన భారతీయుల్లోనే మొదటివారు. ‘తొలి మహిళ’ అని రాస్తే ఆమె ఘనతలో సగం కత్తిరించినట్టే. ఆ బహుమతిని జాన్ మోలోతో కలిసి అందుకున్నారన్నది కూడా కార్డు మీద ఉండాలి.

అదే ఛాలెంజర్ తరువాతి యాత్ర మన క్విజ్‌లకు ఇంకా పనికొస్తుంది, ఎందుకో దానిని ఎక్కువ మంది అడగరు. 1983 ఆగస్టు 30న బయలుదేరిన ఆ యాత్రలో గయాన్ బ్లూఫర్డ్ అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి అమెరికన్ అయ్యారు. అదే నౌక మన ఇన్సాట్-1బి ఉపగ్రహాన్ని మోసుకెళ్లి మరునాడు కక్ష్యలో వదిలింది. అంతకు ముందు సంవత్సరం పంపిన ఇన్సాట్-1ఎ కొద్ది నెలలకే చేతికి రాకుండా పోయింది కనుక, దేశంలో దూరదర్శన్ విస్తరణకు ఈ రెండోది ఎంతో కీలకమైంది. ‘ఇన్సాట్-1బి ఎప్పుడు పైకి వెళ్లింది?’ అంటే 30 అని ఒకరు, 31 అని ఒకరు చెబుతారు, ఇద్దరి దగ్గరా ఆధారం ఉంటుంది. ‘దానిని మోసుకెళ్లిన నౌక ఏది?’ అంటే ఒక్కటే జవాబు.

క్రికెట్ గురించి క్లుప్తంగా చెబుదామనుకున్నాను గాని నా వల్ల కాదు. జూన్ 25న లార్డ్స్‌లో భారత్ 183 పరుగులకు ఆలౌటై, వెస్టిండీస్‌ను 140కి కట్టడి చేసి 43 పరుగులతో గెలిచిందని, కపిల్ దేవ్ కప్పు ఎత్తాడని చిన్నపిల్లలకూ తెలుసు. కాబట్టి ఆ కథ అంచుల్లోకి వెళ్లండి. ఆ పోటీలో ఒక్కో జట్టుకు ఎన్ని ఓవర్లు అంటే ఇప్పటి కుర్రకారు యాభై అంటారు, జవాబు అరవై. పోటీ మొత్తంలో అత్యధిక వికెట్లు తీసినది ఎవరు అంటే కపిల్, మదన్‌లాల్ అంటూ తిరుగుతారు గాని, 18 వికెట్లతో ముందున్నది రోజర్ బిన్నీ. సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఒక్కరే, మొహిందర్ అమర్‌నాథ్. జట్టులో ఉండి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే విజేతల్లో ఒకడైన ఆటగాడు సునీల్ వాల్సన్, జట్టు మేనేజరు మన హైదరాబాదుకు చెందిన పి.ఆర్.మాన్‌సింగ్. జింబాబ్వే మీద అయిదు వికెట్లు పడేసరికి స్కోరు 17 మాత్రమే, అక్కడి నుంచి కపిల్ 175 నాటౌట్‌గా నిలిచిన ఊరు టన్‌బ్రిడ్జ్ వెల్స్.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చినది తేదీ మీద అల్లే ప్రశ్న: ‘భారత జట్టు తన మొట్టమొదటి టెస్టు మ్యాచ్ మొదలుపెట్టిన మైదానంలోనే, అదే తేదీన, యాభై ఒక్క సంవత్సరాల తరువాత సాధించినది ఏమిటి?’ 1932 జూన్ 25న లార్డ్స్‌లో సి.కె.నాయుడు నాయకత్వంలో ఆడిన టెస్టును గుర్తు చేస్తూ ఇది 1983లోకి నడిపిస్తుంది. ఆ ఏడాది చివర జరిగినది కూడా అడగండి. కప్పు పోగొట్టుకున్న వెస్టిండీస్ మన దేశానికే వచ్చి వన్డేల్లో 5-0తో, టెస్టుల్లో 3-0తో బదులు తీర్చుకుంది. ఆ సిరీస్‌లోనే గవాస్కర్ ఢిల్లీలో బ్రాడ్‌మన్ 29 శతకాలను అందుకుని, డిసెంబరులో మద్రాసులో 236 నాటౌట్‌తో దాటేశాడు. మద్రాసులో అతను ఓపెనరుగా దిగలేదు, నాలుగో స్థానంలో వచ్చాడు. వచ్చేసరికి స్కోరు సున్నా, పోయిన వికెట్లు రెండు.

జవాబులు సరిచూసుకోవడం గురించి మీరు విడిగా అడిగారు. రెండుచోట్ల ఒకే మాట కనిపిస్తే చాలా అన్నది మీ సందేహం. 1983 వార్తల్లోనే దానికి జవాబు ఉంది. ఆ ఏప్రిల్‌లో పశ్చిమ జర్మనీ పత్రిక ష్టెర్న్ హిట్లర్ స్వహస్తంతో రాసుకున్న డైరీలు దొరికాయని ప్రకటించింది. వాటికోసం 90 లక్షలకు పైగా జర్మన్ మార్కులు, అంటే అప్పటి అక్కడి డబ్బు, పోసింది. చేతిరాత నిపుణులకు చూపించారు, వారు పోల్చి చూసి నిజమైనవే అన్నారు. అయితే పోలికకు ఇచ్చిన ‘అసలు’ కాగితాల్లో కొన్నింటిని తయారు చేసింది కూడా డైరీలు రాసిన కొన్రాడ్ కుయావే. దొంగ రాతకు దొంగ రాతే సాక్ష్యం చెప్పింది. ప్రకటన వచ్చిన రెండు వారాల లోపే, వాడిన సామగ్రి యుద్ధం తరువాతిదని ప్రయోగశాల తేల్చేసింది. ఇప్పుడు ఏ తేదీనైనా వెతికితే పది చోట్ల ఒకే వాక్యం కనిపిస్తుంది, ఆ పదీ ఒకదానిని చూసి ఒకటి రాసుకున్నవై ఉంటాయి. అవి పది సాక్ష్యాలు కావు, ఒకటే సాక్ష్యం. సంస్థ సొంత జాబితా, మ్యాచ్ స్కోరుకార్డు, ఆ వారపు పత్రిక సంచిక లాంటివి ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా పుట్టినవి, వాటిలో రెండు కలిస్తేనే నేను కార్డు మీద సిరాతో రాస్తాను, లేకపోతే పెన్సిలుతోనే ఉంచుతాను.

పాత దినపత్రికలు చూసేటప్పుడు పత్రిక మీది తేదీ, సంఘటన తేదీ ఒకటి కావని మరిచిపోకండి, ఫైనల్ వార్త మన పత్రికల్లో జూన్ 26న కనిపిస్తుంది. చోటును బట్టి గడియారం మారడం మరో చిక్కు. దారి తప్పిన కొరియన్ విమానం కేఏఎల్ 007ను సోవియట్ యుద్ధవిమానం కూల్చినప్పుడు అక్కడ సెప్టెంబరు 1 ఉదయం, గ్రీనిచ్ లెక్కలో ఇంకా ఆగస్టు 31. అందుకే దాని తేదీ నేను అడగను, మృతుల సంఖ్య అసలే అడగను. అస్సాంలోని నెల్లీలోనూ శ్రీలంకలోనూ ఆ ఏడాది జరిగిన మారణకాండల విషయంలోనూ అంతే, మార్కుల కోసం బజర్ నొక్కించే వస్తువులు అవి కావు. విమానం సంగతి అడగాలనుకుంటే దాని పర్యవసానం అడగండి: ఆ ఘటన తరువాత, పౌర విమానాలు దారి తప్పకుండా వాడుకోవడానికి ఇస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించిన, నేడు అందరి ఫోన్లలోనూ ఉన్న వ్యవస్థ ఏది? జవాబు జీపీఎస్.

చివరి రౌండుకు ఏం పెట్టాలో తోచడం లేదన్నారు. జూన్ నెల ఒక్కటి చాలు. జూన్ 13న అమెరికా అంతరిక్ష నౌక పయొనీర్-10 నెప్ట్యూన్ కక్ష్యను దాటింది, 15న మద్రాసులో శ్రీశ్రీ కన్నుమూశారు, 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో కపిల్ ఆట, అదే రోజు శాలీ రైడ్ ప్రయాణం, 22న ఇంగ్లండు మీద సెమీఫైనల్, 25న ఫైనల్. వీటిలో మూడింటిని చీటీల మీద రాసిచ్చి వరసగా పేర్చమనండి. ప్రపంచ కప్ గెలుపు వార్తను శ్రీశ్రీ విన్నారా లేదా అన్న దగ్గర పెద్దవాళ్లు కూడా తడబడతారు, పది రోజుల తేడాతో వినలేదు. కపిల్ ఆటను, రైడ్ ప్రయాణాన్ని మాత్రం ఒకే చీటీల కట్టలో పెట్టకండి. రెండూ ఒకే తేదీన పడ్డాయి, ఏది ముందని గడియారం చూసి వాదించేవారు ఏ పోటీకి వెళ్లినా ఒకరుంటారు. రెండు జట్లూ అప్పటికీ సమానంగా ఉంటే నా దగ్గర ఒక ప్రశ్న ఎప్పుడూ జేబులో ఉంటుంది: ‘తాత ముఖ్యమంత్రి అయిన ఏడాదే, మే 20న, అదే పేరు పెట్టుకోబోయే మనవడు పుట్టాడు, ఎవరు?’ జూనియర్ ఎన్.టి.ఆర్. అన్న జవాబుకు బజర్ నొక్కడం కంటే ముందు ప్రేక్షకుల్లోంచే కేక వస్తుంది, కాబట్టి దానిని అడిగే ముందు వారిని నిశ్శబ్దంగా ఉండమని గట్టిగా చెప్పుకోండి.